డోర్నకల్ అయ్యగారు

మైపాడు నుంచి నెల్లూరు, అక్కణ్ణుంచి పైకి ఒంగోలు దాకా కోస్తా వెంబడి పోతుంటే కనబడే పాత ప్రొటెస్టెంటు చర్చిల్లో చాలా వాటికి మూలపురుషులు అమెరికన్ బాప్టిస్టులే. శామ్యూల్ డే అనే ఆయన 1840లో నెల్లూరు వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత జ్యూయెట్, ఆ తర్వాత ఒంగోలు క్లౌ దొర. మా వైపు పాత తరం వాళ్లకి క్రైస్తవం అంటే నీళ్లలో నిలువునా ముంచి ఇచ్చే బాప్తిస్మం, ఆదివారం ప్రసంగం చేసే పాస్టరు గారు, అంతే. బిషప్పు అనే మాట వినబడితే అది కేథలిక్కుల వ్యవహారం అనుకుంటారు.

బాప్టిస్టుల్లో బిషప్పులుండరు. ఏ ఊరి సంఘానికి ఆ సంఘమే పెద్ద, పాస్టర్ని వాళ్లే పెట్టుకుంటారు, గొడవొస్తే వాళ్లే పంపించేస్తారు కూడా. దానికి పూర్తిగా ఎదురు పద్ధతి ఎపిస్కోపల్ పద్ధతి. ఎపిస్కోపోస్ అంటే గ్రీకులో పైనుంచి చూసేవాడు, కనిపెట్టుకుని ఉండేవాడు. తెలుగు బైబిల్లో దాన్ని 'అధ్యక్షుడు' అన్నారు. ఇంగ్లండు చర్చి, దాని అమెరికా తోబుట్టువైన ఎపిస్కోపల్ చర్చి రెండూ ఈ రకమే. ఊళ్లో గురువు ఉంటాడు, ఆయన మీద బిషప్పు ఉంటాడు, బిషప్పు చెయ్యి తల మీద పెడితే తప్ప ఎవడూ గురువు కాలేడు.

మరి ఈ ఎపిస్కోపల్ గురువులు మన తెలుగుదేశంలో ఎక్కడున్నారయ్యా అంటే, మిషన్లు మనల్ని పంచుకున్న తీరు చూడాలి. విశాఖపట్నం, కడప వైపు లండన్ మిషను. నెల్లూరు బాప్టిస్టులకి. 1841లో బందరు చేరిన చర్చి మిషనరీ సొసైటీ, అంటే ఇంగ్లండు చర్చి వాళ్లు, కృష్ణా డెల్టా పట్టుకున్నారు. 1842లో గుంటూరు లూథరన్ల చేతికొచ్చింది. కర్నూలు వైపు ఇంకో ఇంగ్లండు చర్చి సొసైటీ. ఇప్పుడు సేల్స్ వాళ్లు టెరిటరీలు పంచుకుంటారే, అచ్చం అలాగే. ఒక మాల కుటుంబం బాప్టిస్టా, లూథరనా, ఆంగ్లికనా అన్నది వాళ్లు ఏటికి ఏ ఒడ్డున పుట్టారన్న దాన్ని బట్టి తేలిపోయింది. సిద్ధాంతంతో వాళ్లకేం పని?

ఈ పంపకంలో ఎవరికీ అక్కరలేకుండా మిగిలిన ఒక మూల, నిజాం రాజ్యంలో ఆగ్నేయాన రైలు జంక్షన్ డోర్నకల్. ఆ చిన్న ఊళ్లో ముప్ఫై అయిదేళ్ల పాటు గురువుగా, బిషప్పుగా ఉన్న మనిషి గురించి ఈ వ్యాసం. ఆయన తెలుగువాడు కాదు, దొరా కాదు. పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

అసలు కథకి ముందు ఒక చిన్న పిడకల వేట. మైపాడు దగ్గర్నుంచి పోయే బకింగ్‌హాం కాలువ మీకు తెలిసే ఉంటుంది. 1876-78 కరువులో ఆ కాలువ పనిని కరువుపనిగా పెట్టారు. ఒంగోలు వైపు మూడున్నర మైళ్ల ముక్క క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని వేలమంది మాదిగల్ని, మాలల్ని పనిలోకి దించాడు. కూలి దొరికింది, తిండి దొరికింది, దాంతోపాటు బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డారు. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ ఇవ్వనన్నాడు. తిండి కోసం కలిశారంటారు అని ఆయన భయం. సాయం ఆపేశాక ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి. అయినా 'బియ్యం క్రైస్తవులు' అన్న మాట తప్పలేదు, ఇప్పటికీ తప్పలేదు. ఈ మాటని గుర్తుపెట్టుకోండి, అరవై ఏళ్ల తర్వాత ఇంకా పెద్ద మనిషి నోట మళ్లీ వస్తుంది.

ఇక అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలో వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. నాడార్ల కుటుంబం. ఆ రోజుల్లో తాటిచెట్లెక్కి కల్లుగీసే కులంగా నాడార్లని గుడి గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. తండ్రి థామస్ వేదనాయకం మిషను బళ్లో చదివి, మతం మారి, ఆ పల్లెలోనే గురువయ్యాడు. అంటే అజరయ్య పల్లెటూరి అయ్యగారి కొడుకు. తండ్రి 1889లో పోయాడు. పిల్లవాడు మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లి లెక్కలు చదివాడు, చివరి పరీక్షల ముందు జబ్బు పడ్డాడు, డిగ్రీ లేకుండానే బయటికొచ్చాడు. ఆ తర్వాత 1920లో కేంబ్రిడ్జి వాళ్లే పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చారు. మన ఇంటర్వ్యూల్లో మొదటి రౌండులోనే రెజ్యూమె పక్కన పడేసేవాళ్లేమో :)

1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగాడు. షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ కుర్రాడు ఆయనకి ప్రాణ స్నేహితుడయ్యాడు. ఈ స్నేహం తర్వాత కథలో ముఖ్యం. 1902లో సిలోను వెళ్లినప్పుడు జాఫ్నా తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బులతో, తమ సొంత మనుషులతో మిషను నడుపుకోవడం చూశాడు. తిరునల్వేలిలో వందేళ్లుగా క్రైస్తవులున్నారు, దొరలు పంపిన డబ్బు తినడమే కానీ తాము ఇంకొకరికి పంపింది లేదు. ఇది ఆయన్ని బాగా కుదిపింది. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్లో విలియం కేరీ గ్రంథాలయంలో కూర్చుని దేశం మొత్తానికి ఇంకోటి, నేషనల్ మిషనరీ సొసైటీ. మన మనుషులు, మన డబ్బు, మన పెత్తనం అన్నది దాని సూత్రం. సంవత్సరం చూశారు కదా, 1905. బయట బెంగాల్లో వందేమాతరం, విదేశీ గుడ్డలకి నిప్పు. చరిత్ర పుస్తకాల్లో స్వదేశీ ఉద్యమం అంటే చీరలు, అగ్గిపెట్టెలు, జాతీయ కళాశాలలు చెప్తారు. చర్చిలో కూడా అదే గాలి వీచిందని ఎవరూ చెప్పరు.

తిరునల్వేలి సొసైటీ తన మనుషుల్ని పంపడానికి ఎంచుకున్న చోటు డోర్నకల్. బెజవాడ, కాజీపేట మధ్య జంక్షన్, సింగరేణి బొగ్గు గనులకి అక్కడే లైను చీలుతుంది. చుట్టూ అడవి, జ్వరాలు, మాలపల్లెలు. ఆఫీసు భాష ఉర్దూ, జనం భాష తెలుగు, వచ్చినవాళ్లది తమిళం. ఊరివాళ్ల లెక్కలో ఈ తమిళ ఉపదేశులు ఇంగ్లండు దొర ఎంత పరాయివాడో అంత పరాయివాళ్లు.

సొసైటీ కార్యదర్శి మద్రాసులో కూర్చుని ఉత్తరాలు రాస్తే చాలు. అజరయ్య అలా కూర్చోలేకపోయాడు. ఇంకొకర్ని అడవికి పంపుతూ నేనిక్కడ ఎందుకున్నాను అనే ప్రశ్న పట్టుకుంది. 1909లో గురుపట్టం పుచ్చుకుని భార్య అంబు మరియమ్మాళ్‌ని, పిల్లల్ని తీసుకుని డోర్నకల్ వచ్చేశాడు. ముప్ఫై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నాడు. ఆ వయసులో కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమంటేనే మనం మేనేజరు మీద చిరాకు పడతాం. తెలుగేమో, ఒకే మాటకి ఊరికో రూపం.

మరుసటేడే ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. 1910 జూన్. పన్నెండు వందల పైన ప్రతినిధులు, అందులో ఆసియా వాళ్లు ఇరవై మంది కూడా లేరు. 'విదేశీ మిషనరీకి, స్వదేశీ పనివాడికి మధ్య సహకారం' అని ఒక విషయం ఇచ్చి మాట్లాడమన్నారు. ఆయన లేచి చెప్పిందేమిటంటే: మీరు మా కోసం డబ్బిచ్చారు, ప్రాణాలిచ్చారు, కాదనం. కానీ మీతో ఏళ్ల తరబడి పనిచేసిన దేశీయ గురువుని మీ ఇంట్లో భోజనానికి ఎన్నిసార్లు పిలిచారు? చెయ్యి ఎప్పుడు కలిపారు? యజమానులుగా ఉన్నారు, స్నేహితులుగా లేరు. మాకు స్నేహితుల్నివ్వండి.

చాలామందికి ఒళ్లు మండింది. వాళ్ల పక్కన నిలబడి ఆలోచిస్తే ఎందుకో తెలుస్తుంది. కలరా వచ్చిన పల్లెలో బిడ్డల్ని పాతిపెట్టుకున్న మిషనరీకి, 'నన్ను టీకి పిలవలేదు' అన్నది చిన్న ఫిర్యాదులా వినబడుతుంది. కానీ నాకు ఇది ఆ సభలో అన్నిటికన్నా నిజమైన మాట అనిపిస్తుంది. ఆన్‌సైట్ వెళ్లిన మనవాళ్లలో ఎంతమంది రెండేళ్లుండి ఒక్క సహోద్యోగి ఇంటి గడపైనా తొక్కకుండా తిరిగొచ్చారో మీకు తెలుసు. మర్యాద వేరు, స్నేహం వేరు. అజరయ్యకి ఈ తేడా తెలియడానికి కారణం ఎడ్డీ. నిజమైన స్నేహితుడు ఒకడు ఉన్నాడు కాబట్టే మిగతావాళ్లు కాదని ఆయనకి తెలిసింది.

ఆయన్ని బిషప్పుని చెయ్యాలని పట్టుబట్టింది మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్. అన్నట్టు, ఈయన ప్రిన్సిపియా మేథమేటికా రాసిన ఇద్దరిలో ఒకరైన ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కి అన్నగారు. తమ్ముడు ఒకటీ ఒకటీ రెండని నిరూపించడానికి వందల పేజీలు రాస్తుంటే అన్న మన పోలేరమ్మల్ని, ఎల్లమ్మల్ని వెతుక్కుంటూ తిరిగి దక్షిణ భారత గ్రామదేవతల మీద 1916లో పుస్తకం వేశాడు. ఆ పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది, అక్కడక్కడా పాదిరి గారి చీదరింపు మినహాయించుకోవాలంతే.

అజరయ్య పేరు బయటికి రాగానే గొడవ మొదలైంది. ఒక నల్లవాడు తెల్ల గురువుల మీద అధికారం చెయ్యడమా అని మిషనరీలు. మన వైపు నుంచి కూడా తక్కువేం లేదు, నాడారు బిషప్పేమిటని పై కులాల తమిళ క్రైస్తవులు. ఇంకో చిక్కు చట్టంది. బ్రిటిష్ ఇండియాలో ఇంగ్లండు చర్చి ప్రభుత్వ చర్చి, దాని బిషప్పులు రాజు ఆజ్ఞాపత్రంతో వస్తారు. డోర్నకల్ నిజాం గడ్డ మీద ఉంది కాబట్టి ఆ లంపటం లేకుండా చేసేయొచ్చని దారి దొరికింది. అంటే మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు రావడానికి ఒక ముస్లిం రాజుగారి సరిహద్దు సాయపడింది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్లో పదకొండుమంది బిషప్పులు ఆయన తల మీద చేతులుంచారు.

మొదట్లో ఆయన చేతికిచ్చిన ప్రాంతం చాలా చిన్నది, గురువులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, అందరూ మనవాళ్లే. 1920ల మొదట్లో కృష్ణా, కర్నూలు వైపు ప్రాంతాలు కలిశాక తెల్ల మిషనరీలు కూడా ఆయన కిందికొచ్చారు. ఆయన పోయేనాటికి ఆ మండలంలో క్రైస్తవులు రెండు లక్షల పైచిలుకు.

బిషప్పు అంటే కోట, కిరీటం గుర్తొస్తాయి కానీ ఈయన బతుకు పల్లెటూరి అయ్యగారి బతుకే. ఎద్దుబండి, డేరా, ఒక ఊరి నుంచి ఇంకో ఊరు. ఊరికి వెళ్తే ముందు పిల్లల్ని పరీక్ష చెయ్యడం, తర్వాత పెద్దవాళ్లని. బాప్తిస్మం తీసుకునే ప్రతివాడి చేత వాడి చెయ్యి వాడి తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందాను, ఈ సంగతి ఇంకొకరికి చెప్పకపోతే నాకు తిప్పలే అనే అర్థం వచ్చే పౌలు మాట పలికించేవాడు. చదువురాని పాలేరుని పట్టుకుని నువ్వూ ఒక ప్రచారకుడివే అనడం ఇది. అప్పటిదాకా ఆ పాలేరుని ఎవరైనా దేనికైనా బాధ్యుణ్ణి చేశారా? చాకిరీకి తప్ప.

ఊళ్లలో నిజంగా పని నడిపింది ఉపదేశులు. ఊరికొక పంతులు, పగలు గొడ్లు కాసే పిల్లలకి రాత్రి లాంతరు పెట్టి బడి, ఆదివారం ప్రార్థన, మధ్యలో తగాదాలు తీర్చడం, తాసీల్దారుకి అర్జీ రాయడం, పేడముద్ర గోడ మీద ఓనమాలు. ఆ పంతులుకి జీతం చాలీచాలనిది. అందుకని ఇంట్లో అన్నం వండేటప్పుడల్లా ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసి పక్కన కుండలో వెయ్యాలి, ఆదివారం తెచ్చి గుళ్లో పెట్టాలి. పిడికెడు బియ్యం ఎత్తడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు, గుడి పేరు మారిందంతే. దొరల డబ్బు మీద ఆధారపడితే దొరల మాటే వినాలని అజరయ్యకి జాఫ్నా నాడే తెలుసు. అందుకే ఇవ్వడం గురించి ఆయన అంత మొండిగా ఉండేవాడు. కూటికి లేనివాణ్ణి చందా అడుగుతావా అని తిట్టినవాళ్లున్నారు. ఇవ్వగలిగినవాడే మనిషిగా నిలబడతాడని ఆయన లెక్క. నేను దీనితో పూర్తిగా ఏకీభవించలేను, ఆకలి దగ్గర సూత్రాలు నాకు కష్టం. అయినా ఆ సూత్రం వల్లే డోర్నకల్ సంఘాలు ఇంగ్లండు ముఖం చూడకుండా నిలబడటం నేర్చుకున్నాయి.

డోర్నకల్ బడిలో ఇంకో పద్ధతి నాకు చాలా నచ్చింది. ఉపదేశి కావాలనుకున్నవాడు పెళ్లాం పిల్లల్తో సహా వచ్చి అక్కడ కాపురం పెట్టాలి. మొగుడితోపాటు పెళ్లానికీ చదువు. ఊళ్లో ఆడవాళ్లతో మాట్లాడాల్సింది ఆవిడే కదా. మాలపల్లె నుంచి వచ్చిన ఒక ఆడమనిషికి 1910ల్లో, 20ల్లో అక్షరాలు నేర్పించే చోటు నైజాంలో ఇంకెన్ని ఉండి ఉంటాయి?

నాలుగు దయ్యాల్ని వెళ్లగొట్టాలని ఆయన ప్రచారం చేసేవాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇంగ్లీషులో నాలుగూ డి అక్షరంతో మొదలవుతాయి. ఈ జాబితా చూడగానే ఇప్పటి మనకి కొంచెం చిరాకేస్తుంది. అప్పు ఇచ్చిన దొరని వదిలేసి అప్పు చేసినవాడికి నీతి చెప్పడం లాగుంటుంది. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదనడం కూడా అంతే. మాదిగకి గొడ్డుతోలు బతుకుతెరువు, ఆ మాంసం తరతరాల హక్కు, అది వదిలెయ్యమంటే ఊరితో ఉన్న ఒప్పందమే తెగిపోతుంది. ఆదివారం పనికి రానన్న మాల మీద కాపులు దౌర్జన్యం చేసిన ఊళ్లు ఎన్నో. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. వారానికి ఒకరోజు నేను రాను అని భూస్వామికి చెప్పగలగడం, తాగకపోవడం వల్ల అప్పు తగ్గడం, కాగితం మీద వేలిముద్ర బదులు సంతకం. వెట్టిచాకిరీ నడిచే నైజాంలో ఇవి చిన్న విషయాలు కావు. ఉపవాసం, ప్రార్థన కన్నా ఈ 'రాను' అన్న మాటే ఊరిని ఎక్కువ భయపెట్టి ఉంటుంది.

ఈ మార్పు చూసి 1930ల నాటికి కాపులు, గొల్లలు లాంటి శూద్ర కులాలవాళ్లు కూడా వేలల్లో చర్చిలో చేరడం మొదలుపెట్టారు. మాలపల్లెలో ఉన్న దేవుడి దగ్గరికి ఊరివాళ్లు నడిచొచ్చారు. వాస్కమ్ పికెట్ అనే అమెరికన్ మిషనరీ 1933లో ఈ సామూహిక మతమార్పిడుల మీద ఒక పెద్ద సర్వే పుస్తకమే వేశాడు. అంటరానివాడిని చూసి పై కులంవాడు బుద్ధి తెచ్చుకోవడం అనేది మన సామాజిక చరిత్రలో చాలా అరుదు.

సరిగ్గా ఇక్కడే గాంధీగారితో చిక్కొచ్చింది.

1935 అక్టోబరులో అంబేద్కర్ యేవలాలో హిందువుగా పుట్టాను, హిందువుగా చావను అని ప్రకటించాడు. మిషన్లన్నీ ఒక్కసారిగా లేచి కూర్చున్నాయి. తెలుగు జిల్లాల లెక్కలు విలాయతు పత్రికల్లో ఎక్కాయి. గాంధీ తన హరిజన్ పత్రికలో వరసగా రాశాడు: ఇది ఆత్మల పని కాదు, సంఖ్యల వ్యాపారం, హరిజనులకి మతాల తేడా తెలుసుకునే తెలివి ఎక్కడుంది అని. 1936 చివర్లో జాన్ మాట్ అనే మిషనరీ నాయకుడితో మాట్లాడుతూ, వాళ్లకి సువార్త చెప్పడం ఆవుకి చెప్పడం లాంటిదే అన్న అర్థంలో మాట్లాడాడు. దాని మీద అభ్యంతరం వస్తే, అవమానించాలని కాదు, ఆవు నాకు పూజ్యమే కదా అని సంజాయిషీ. నేను గాంధీ అంటే గౌరవం ఉన్నవాణ్ణి. ఈ సంజాయిషీ మాత్రం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అజరయ్య ఇరకాటం చూడండి. ఆయన జాతీయవాది. ముందు నుంచీ స్వదేశీ మనిషి. క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దు, మేం దేశం నుంచి విడిగా లెక్కకట్టుకోం అని రాసినవాళ్లలో ఆయనొకడు. ఒక బిషప్పు, ఓట్లు పెరిగే అవకాశాన్ని కాదనడం మామూలు విషయం కాదు. అలాంటి మనిషి, చేరినవాళ్ల సంఖ్య చూసుకుని రాజకీయం చేస్తున్నాడన్న అనుమానాన్ని గాంధీ నుంచి ఎదుర్కోవాల్సొచ్చింది. ఆయన జవాబు ఇద్దరి మాటలకీ అడ్డం: వీళ్లకి ఏం దొరికిందని చేరతారు? భూమి రాలేదు, ఉద్యోగం రాలేదు, ఊరివాళ్ల చేత తన్నులు మాత్రం దొరికాయి. తమకేం కావాలో వాళ్లకి తెలుసు.

నాకు ఈ వాదనలో ఇద్దరి వైపూ ఒక లోటు కనబడుతుంది. గాంధీ మాలల తరఫున మాట్లాడాడు, అజరయ్య కూడా మాలల తరఫునే మాట్లాడాడు. అజరయ్య కనీసం వాళ్ల గుడిసెల్లో కూర్చుని, వాళ్ల భాషలో పాతికేళ్లు మాట్లాడి, ఆ తర్వాత మాట్లాడాడు. ఈ తేడా చిన్నది కాదు. సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ ఆయన మీద 2000లో వేసిన పెద్ద పుస్తకానికి 'ఇన్ ద షాడో ఆఫ్ ద మహాత్మా' అని పేరు పెట్టింది. మహాత్ముడి నీడలో. నీడలో పడింది అజరయ్య ఒక్కడే కాదు, ఆ పాలేర్లు కూడా.

అలాగని డోర్నకల్లో అంతా స్వర్గమని చెప్పను. కులం చర్చి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచి వెళ్లేది కాదు. మాలలు ముందొచ్చిన చోట మాదిగలు కలవలేదు, కలిస్తే పక్కన కూర్చోనివ్వలేదు, ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగమంటే ముఖాలు తిప్పుకున్నారు. ఒక మిషను మాలలది, ఇంకోటి మాదిగలది అని పేరుపడిపోవడానికి ఇదే కారణం. అజరయ్య కులం వదలనివాడు క్రైస్తవుడు కాడని జీవితమంతా చెప్పాడు. విన్నవాళ్లున్నారు, విననివాళ్లే ఎక్కువ. ఆ కాలపు బాధ లోపలి నుంచి తెలియాలంటే మన జాషువా ఉన్నాడు. 1895లో వినుకొండలో పుట్టిన ఈ లూథరన్ బడి పంతులు పురాణ పద్యాలు రాస్తే క్రైస్తవులు వెలివేశారు, పద్యం చదవబోతే అగ్రవర్ణాలవాళ్లు కులమడిగారు. 'గబ్బిలం' 1941లో వచ్చింది, అజరయ్య ఇంకా బతికుండగానే.

ఇక ఆయన కట్టించిన గుడి. దాని పేరు ఎపిఫనీ కెథెడ్రల్, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. పని ఏళ్ల తరబడి సాగింది, ఎందుకంటే డబ్బు పిడికెడు పిడికెడుగా రావాలి. దూరం నుంచి చూస్తే మసీదులా గుమ్మటాలు, మినార్లు. దగ్గరికెళ్తే దక్షిణాది గుడి మంటపంలా రాతి స్తంభాలు, ప్రక్కలు తెరిచి ఉంటాయి, గాలీ వెలుతురూ ఆడుతూ. ఇంగ్లండు చర్చిల్లాగా కోసుగా ఆకాశాన్ని పొడిచే గోపురం లేదు. నిజాం రాజ్యంలో తెలుగు జనం కోసం తమిళుడు కట్టిన ఇంగ్లండు చర్చి అలాగే ఉండాలి మరి. పండగలప్పుడు భజనలు, కోలాటాలు, తెలుగు కీర్తనలు.

క్రీస్తు సంఘాలన్నీ ఏకం కావాలని ఆయన కల. 1919లో తరంగంబాడిలో ఎడ్డీతో కలిసి కొంతమంది గురువుల్ని పోగేసి, ఈ విభజనలు మనం చేసుకున్నవి కావు, పడమటి నుంచి మన నెత్తిన పడ్డవి అని ఒక ప్రకటన రాయించాడు. చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. మన దగ్గర తెలంగాణ చర్చలు, నదీజలాల చర్చలు గుర్తొస్తాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం, సి.ఎస్.ఐ., మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరకి. అజరయ్య అప్పటికి లేడు. 1945 జనవరి 1న డోర్నకల్లోనే పోయాడు, సమాధీ అక్కడే. ముప్ఫై రెండేళ్లపాటు మొత్తం భారతదేశంలో ఒక మండలానికి పూర్తి బిషప్పుగా ఉన్న ఏకైక భారతీయ ఆంగ్లికన్ ఆయనే. ఆయన తర్వాత డోర్నకల్ గద్దె మీద కూర్చుంది ఎవరనుకున్నారు? ఎలియట్ అనే ఇంగ్లీషు దొర. మంచివాడే కావచ్చు, కానీ 1945లో!

మా నెల్లూరు బాప్టిస్టులు ఆ ఏకీకరణలో కలవలేదు. వాళ్లకి బిషప్పు అన్న పదమే పడదు. 1962లో వాళ్లు విడిగా తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం అని పెట్టుకున్నారు, నెల్లూరు కేంద్రంగా. గుంటూరు లూథరన్లూ బయటే ఉండిపోయారు. తరంగంబాడి ప్రకటన మన కోస్తాలో సగం దారిలోనే ఆగిపోయినట్టు లెక్క.

ఇప్పుడు ఆ పాలేర్ల మనవల సంగతి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సి, ఒక్క శాతం. దాంతో ఆదివారం ఒక పేరు, తాసీల్దారు సర్టిఫికెట్లో ఇంకో మతం అన్న ఏర్పాటు ఊరూరా నడుస్తోంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తనని కులం పేరుతో దూషించారని కేసు పెట్టిన ఒక పాస్టరు విషయంలో, మతం మారాక ఎస్సీ, ఎస్టీ చట్టం రక్షణ వర్తించదంది. తిట్టినవాళ్లకి ఆయన మతం మారిన సంగతి గుర్తులేదు, కులమే గుర్తుంది. 'వీళ్లకి ఏం దొరికిందని చేరతారు' అన్న అజరయ్య ప్రశ్నకి ఇది కూడా ఒక జవాబే.

గుడి చూడాలనుకునే వాళ్లకి: డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నెల్లూరు నుంచైతే విజయవాడ మీదుగా కాజీపేట వైపు వెళ్లే రైలెక్కాలి. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ అక్కడ ఆగవు, ముందే చూసుకోండి. గుళ్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడవండి.